రోజుకు రెండుసార్లు స్నానం చేసే హాస్టల్‌లో గజ్జి: ఒక కేస్ స్టడీ

11 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఉండి చదువుకునే ఒక రెసిడెన్షియల్ బడి మమ్మల్ని కోరింది చాలా చిన్న పని. పిల్లల్లో దురదలు, పుండ్లు ఎక్కువయ్యాయి, వచ్చి పరిశుభ్రత మీద ఒక గంట క్లాసు చెప్పండి, అంతే. కారణం కూడా వాళ్లే తేల్చేశారు: పిల్లలు సరిగ్గా స్నానం చేయడం లేదట.

చర్మవ్యాధుల డాక్టరుగా ఇలాంటి పిలుపులు నాకు మామూలే. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం వేరు. ఇక్కడ పరిశుభ్రత పాఠం అప్పటికే చాలాసార్లు జరిగిపోయింది. పొద్దున, సాయంత్రం స్నానం తప్పనిసరి చేశారు. నీళ్లలో యాంటీసెప్టిక్ కలిపించారు. గోడల నిండా పోస్టర్లు. వారానికోసారి పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతులు చూసేవాళ్లు. ఇంత చేసినా దురద ఒక గదిలోంచి ఇంకో గదికి పాకుతూనే ఉంది. పిల్లలు పాఠం విన్నారు, చెప్పినట్టే చేశారు కూడా. కాకపోతే ఆ పాఠం వాళ్లకున్న జబ్బుకు సంబంధించింది కాదు.

ముందు పరీక్ష

క్లాసు కొన్నాళ్లు వాయిదా వేసి, ముందు అందరినీ పరీక్ష చేయనివ్వమని అడిగాం. గంట ఇస్తామంటే పిల్లలందరినీ చూస్తామంటున్నారేమిటని ప్రిన్సిపాల్ గారు కాస్త విసుక్కున్నారు. చివరికి ఒప్పుకున్నారు.

పగటి వెలుతురు బాగా పడే రెండు గదులు తీసుకున్నాం, అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి. తెర కట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. వరసలో నిలబెట్టి చేతులు మాత్రమే చూస్తే గజ్జి సగం దొరకదు. వేళ్ల సందులు, మణికట్టు లోపలి వైపు, మోచేతులు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుం దగ్గర బట్ట బిగిసే చోటు, పిరుదులు, మగపిల్లల్లో మర్మాంగాలు, ఇవీ అది ఉండే చోట్లు. వీటిలో చాలావాటిని ఏ పిల్లాడూ పదిమందిలో చూపించడు.

మూడు జబ్బులు కలగలిసి కనిపించాయి. ఎక్కువమందికి గజ్జి, అంటే చర్మంలో సొరంగం తవ్వుకునే చాలా చిన్న పురుగు వల్ల వచ్చే జబ్బు. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద సన్నటి గీతల్లాంటి సొరంగాలు, వాటి చివర చిన్న పొక్కు. డెర్మోస్కోపు (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) పెట్టి చూస్తే గీత కొసన ముదురు రంగులో చిన్న త్రికోణం కనిపిస్తుంది, అది పురుగు తలవైపు భాగం. రాత్రి పడుకున్నాక దురద ఎక్కువవుతుందని దాదాపు అందరూ చెప్పారు. రెండోది ఇంపెటైగో. గోకి గోకి ఆ గజ్జి పొక్కుల్లోనే చీము చేరి, పైన తేనె రంగు పక్కు కట్టిన పుండ్లు. మూడోది తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. పెద్ద పిల్లల్లో గజ్జల దగ్గర, నడుం చుట్టూ, గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి పొలుసులు రాలుతున్న మచ్చలు.

ఇవి కాక, కొందరికి అసలు అంటువ్యాధే లేదు. రోజుకు రెండుసార్లు యాంటీసెప్టిక్ నీళ్లు, ఘాటైన సబ్బు పడి చర్మం పొడిబారి, పగిలి, దురద పెడుతోంది. వాళ్ల విషయంలో మందు చాలా తేలిక: యాంటీసెప్టిక్ ఆపేయడం, స్నానం అయ్యాక మాయిశ్చరైజర్ రాసుకోవడం.

పరీక్షతో పాటు, ఎవరు ఎక్కడ పడుకుంటారో ఒక పెద్ద కాగితం మీద మంచాల పటం గీశాం. హాస్టల్ కేసుల్లో ఈ పని నేను ఎప్పుడూ మానను. గజ్జికి ఎర్ర చుక్క, చీము పుండ్లకు పచ్చ, తామరకు నీలం. ఎర్ర చుక్కలు గుంపులు గుంపులుగా పడ్డాయి, అన్నీ పక్కపక్క మంచాలు, లేదా జరిపి కలిపేసుకున్న మంచాలు. నీటుగా ఉంటాడా, మురికిగా ఉంటాడా అన్నదానికీ ఎర్ర చుక్కకూ ఏ సంబంధమూ కనిపించలేదు. బడి మొత్తంలో శుభ్రతకు పేరున్న ఒక పదో తరగతి అబ్బాయి ఒంటి మీదే అన్నిటికంటే ఎక్కువ సొరంగాలున్నాయి. అతనికి స్నేహితులెక్కువ. రాత్రి అందరూ వచ్చి అతని మంచం మీదే చేరతారు. అదే గదిలో మురికోడని పేరుపడి, ఎవరూ దగ్గరికి రానివ్వని ఒక పిల్లాడికి గజ్జి లేదు. ఎవరూ దగ్గరికి రాకపోవడమే ఆ పిల్లాడికి రక్షణ అయింది.

నీలం చుక్కలు మంచాలను బట్టి పోలేదు. అవి పెద్ద పిల్లల బ్లాకులో, బట్టలు ఆరేసే చీకటి వరండా ఉన్న వైపు ఎక్కువ. అక్కడే ఒకే ఆయింట్‌మెంట్ ట్యూబు చేతులు మారుతోంది. దాని గురించి తర్వాత చెప్తాను.

చీటీలు చెప్పింది

పాఠం తయారు చేసే ముందు పిల్లలకు పేరు రాయనక్కరలేని చీటీలిచ్చాం. మూడే ప్రశ్నలు. దురద ఎందుకు వస్తుంది? వస్తే ఎవరికి చెప్తావు? చెప్తే ఏమవుతుంది?

మొదటిదానికి వచ్చిన జవాబులు ఊహించినవే: మురికి, చెమట, నీళ్లు పడకపోవడం, వేడి చేయడం, రక్తం చెడిపోవడం. రెండోదానికి ఎక్కువమంది ఎవరికీ చెప్పనని రాశారు. ఎందుకు చెప్పరో మూడో ప్రశ్న జవాబుల్లో ఉంది. మంచం వరండాలో వేస్తారు. ఇంటికి పంపేస్తారు. ఆటల టీమ్‌లోంచి తీసేస్తారు. ప్రేయర్‌లో పేరు చదువుతారు. ఒకరైతే, అమ్మకు ఫోన్ చేసి మీ వాడు స్నానం చేయడని చెప్తారు, నేను రోజూ చేస్తాను, అని రాశారు.

ఆ చీటీలు చదివాక కేసు నాకు పూర్తిగా అర్థమైంది. దురదకు మురికే కారణమని ఏడాది పొడవునా నేర్పిన బడిలో, దురద ఉందని ఒప్పుకోవడమంటే నేను మురికివాణ్ణని ఒప్పుకోవడం. అందుకే పిల్లలు వారాల తరబడి దాచుకున్నారు. దాచుకున్నన్నాళ్లూ పక్క మంచానికి అంటించారు. పరిశుభ్రత పాఠం గజ్జిని ఆపకపోగా దానికి దాక్కునే చోటు ఇచ్చింది. అందుకే మా పాఠంలో మొదట తీసేయాల్సింది సిగ్గు అనుకున్నాం, సబ్బు సంగతి ఆ తర్వాత.

పాఠాన్ని మూడుగా విడదీయడం

శుభ్రంగా ఉండండి అన్న ఒక్క మాట మూడు జబ్బులకూ చాలదు. గజ్జి పురుగు చర్మానికి చర్మం తగిలి వస్తుంది. చీము పుండు తెచ్చే బాక్టీరియా, అంటే స్టెఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, చేతుల ద్వారా, గోళ్ల ద్వారా, గోకిన గాట్ల ద్వారా వస్తాయి. తామర ఫంగస్ తడి చర్మంలో, పంచుకున్న బట్టల్లో పెరుగుతుంది. దారి వేరు కాబట్టి జాగ్రత్త కూడా వేరు. అసెంబ్లీలో అందరికీ ఒకేసారి ఉపన్యాసం ఇవ్వకుండా గదుల వారీగా చిన్న గుంపులుగా కూర్చోబెట్టాం. ఒకే గదిలో పడుకునే పిల్లలే ఒక గుంపు, ఎందుకంటే జబ్బు పంచుకునేది వాళ్లే, నిర్ణయాలు తీసుకోవాల్సిందీ వాళ్లే.

గజ్జి గురించి చెప్పేటప్పుడు పురుగు బతుకంతా చెప్పాం. పిల్లలకు ఇది భయం పుట్టిస్తుందని టీచర్లు జంకారు గానీ, నిజానికి పిల్లలకు నచ్చిన భాగం ఇదే. ఆడ పురుగు పొడవు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. 3, 4 రోజుల్లో గుడ్లు పొదిగి, రెండు వారాల్లోపు పిల్లలు పెద్ద పురుగులవుతాయి. ఇంత దురద పుట్టించే పురుగులు మామూలుగా ఒక మనిషి ఒంటి మీద 10 నుంచి 15కి మించవు. సొరంగంలో కూర్చున్నదాన్ని సబ్బు నీళ్లు కడిగేయలేవు. ఈ మాట చెప్పగానే ఒక అమ్మాయి, "మరి మాకు రెండేసి స్నానాలు ఎందుకు మేడం?" అని వార్డెన్ గారి వైపు చూస్తూ అడిగింది. అందరూ నవ్వారు, వార్డెన్ గారు కూడా.

రక్తం చెడిపోయి దురద వస్తుందన్న నమ్మకాన్ని తిట్టి కొట్టేయలేదు. 1687లో ఇటలీలో జొవాన్ కోసిమో బొనోమో అనే వైద్యుడు, డియాచింతో చెస్తోని అనే ఔషధకారుడితో కలిసి సూక్ష్మదర్శినిలో ఈ పురుగును చూసి, గజ్జికి కారణం ఇదేనని రాస్తే, పెద్ద పెద్ద వైద్యులే నూట యాభై ఏళ్ల దాకా పూర్తిగా నమ్మలేదు. ఒంట్లో దోషమే కారణమని అనుకుంటూ పోయారు. చివరికి 1834లో పారిస్‌లో రెనూచి అనే వైద్య విద్యార్థి, పల్లె ఆడవాళ్లు సూదితో పురుగును బయటికి తీసే పద్ధతిని అందరి ముందూ చేసి చూపించాడు. ఒక విద్యార్థి ప్రొఫెసర్లకు పాఠం చెప్పాడన్న సంగతి మా గుంపుల్లో బాగా తిరిగింది. మరుసటి రోజు ఇద్దరు ముగ్గురు సూదులతో తయారయ్యారు, ఆపాల్సి వచ్చింది.

అంటుకోవడం గురించి చెప్పేటప్పుడు ఒక తేడా జాగ్రత్తగా చూపాలి. చేయి కలిపితే, పక్కన కూర్చుంటే మామూలు గజ్జి సాధారణంగా రాదు. పది ఇరవై నిమిషాలు చర్మానికి చర్మం ఆనుకుని ఉండాలి. అది చెప్పి, ఈ హాస్టల్‌లో అంతసేపు ఎవరు ఎవరిని ఆనుకుని ఉంటారో మీరే చెప్పండి అన్నాం. జాబితా వాళ్ల నోటి నుంచే వచ్చింది. లైట్లు ఆర్పాక ఇద్దరు ముగ్గురు ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకోవడం, చలిగా ఉంటే ఒకే దుప్పటి కప్పుకోవడం, కుస్తీ ప్రాక్టీసు, చిన్నవాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. వీటిని పూర్తిగా మానేయమని మేం అనలేదు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉండటం తప్పేమీ కాదు. చికిత్స పూర్తయ్యేదాకా ఎవరి మంచం మీద వాళ్లు పడుకోండి, మంచాల మధ్య మనిషి నడిచేంత సందు ఉంచండి అన్నాం, అంతే.

చాలా బళ్లలో చేసే ఒక ప్రయోగం మేమూ చేశాం. ఒకరి అరచేతికి రంగు సుద్దపొడి రాసి, వరసగా చేతులు కలపమంటాం. పొడి ఎంత దూరం పోయిందో చూపిస్తాం. మంచి ప్రయోగమే గానీ, దీన్ని గజ్జి పాఠంలో వాడకూడదు. వాడితే చేయి కలిపినా గజ్జి వస్తుందని పిల్లలు అనుకుంటారు, జబ్బున్న పిల్లాడిని వెలేస్తారు. చీము పుండ్ల పాఠంలో మాత్రమే వాడాం.

అన్నిటికంటే కష్టంగా ఎక్కిన విషయం క్యాలెండరుది. మొదటిసారి గజ్జి అంటినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పురుగు మీద ఒంటికి అలర్జీ పుట్టేదాకా ఏమీ తెలియదు. కానీ ఆ వారాల్లో కూడా వాళ్ల నుంచి ఇంకొకరికి అంటుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ అంటితే 1 నుంచి 4 రోజుల్లోనే దురద మొదలవుతుంది. గోడ క్యాలెండరు మీద ఒక ఊహాపాత్ర పేరుతో తేదీలు గుర్తు పెట్టి చూపించాకే, నాకు దురద లేదు, నాకెందుకు మందు, అన్న ప్రశ్న ఆగింది.

మందు రోజు

ప్రిన్సిపాల్ గారు మొదట దురద ఉన్నవాళ్లకే మందు ఇద్దామన్నారు. ఖర్చు, సమయం రెండూ ఉన్నాయి, ఆ మాట అనడంలో తప్పు లేదు. ఫిజీ దీవుల్లో జరిగిన అధ్యయనం ఒకటి ఆయన ముందు పెట్టాను. 2015లో ప్రచురించారు. జబ్బున్నవాళ్లకు, వాళ్లతో దగ్గరగా మెలిగేవాళ్లకు మాత్రమే చికిత్స చేసిన చోట ఏడాది తర్వాత గజ్జి 49 శాతం తగ్గింది. పురుగును చంపే పెర్మెత్రిన్ క్రీము అందరికీ ఇచ్చిన చోట 62 శాతం, అదే పని చేసే ఐవర్‌మెక్టిన్ మాత్రలు అందరికీ ఇచ్చిన చోట 94 శాతం తగ్గింది. అది దీవి, ఇది హాస్టల్, పోలిక పూర్తిగా కుదరదు. కానీ ఒకే చోట కలిసి బతికేవాళ్లలో కొందరిని వదిలేస్తే జబ్బు వాళ్ల దగ్గరి నుంచే తిరిగొస్తుందన్నది రెండు చోట్లా నిజమే.

పిల్లలందరికీ, హాస్టల్‌లో రాత్రి ఉండే పెద్దవాళ్లందరికీ ఒకే రోజు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము, వారం తర్వాత రెండోసారి, అని నిర్ణయించాం. ఒళ్లంతా పుండ్లతో క్రీము మండిపోయే కొందరికి కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల లెక్కన ఐవర్‌మెక్టిన్, వారం తేడాతో రెండు మోతాదులు. ఈ మాత్ర 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు, డాక్టరు చూడకుండా ఎవరికీ ఇవ్వకూడదు. పెద్దవాళ్లను ఒప్పించడమే ఎక్కువ కష్టమైంది. మాకు గజ్జేమిటని వంటవాళ్లు నొచ్చుకున్నారు. వార్డెన్ గారు అందరికంటే ముందు తన ట్యూబు తీసుకున్నాక మిగతావాళ్లూ తీసుకున్నారు.

ఇలాంటి కేసుల్లో చికిత్స పాడయ్యేది క్రీము రాసుకోవడం దగ్గర. పిల్లలు దురద ఉన్న చోటే రాస్తారు. అందుకే ముందు రోజు మామూలు మాయిశ్చరైజర్‌తో రిహార్సల్ చేయించాం. మెడ నుంచి అరికాళ్ల దాకా చర్మం మొత్తం, ఎక్కడా ఖాళీ లేకుండా. రిహార్సల్‌లో పదేపదే వదిలేసిన చోట్లు ఇవి: వీపు మధ్యభాగం, మడమ వెనక, కాలివేళ్ల సందులు, బొడ్డు లోపల, పిరుదుల మధ్య, గోళ్ల కింద. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని వాటి కింద కూడా రాయాలి. వీపుకు గదిలో జంటలు కట్టాం, చేతికి తొడుగులు వేసుకుని ఒకరికొకరు రాసుకున్నారు. మిగతా ఒళ్లంతా తెర వెనక ఎవరికి వాళ్లే.

వేడి నీళ్ల స్నానం చేసిన వెంటనే రాయకూడదు. ఒళ్లు చల్లబడి పొడిగా ఉండాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి కడుక్కోవాలి కాబట్టి రాత్రి పెట్టుకున్నాం. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి. ఈ ఒక్క సూచన మర్చిపోతారని బాత్రూమ్ తలుపు దగ్గర క్రీముతో ఒక టీచరును కూర్చోబెట్టాం. నాకు తెలిసి ఆ రాత్రి జరిగిన అన్ని పనుల్లో ఇదే అతి ముఖ్యమైనది.

బట్టల సంగతి వచ్చేసరికి పెద్ద చర్చ జరిగింది. పరుపులు కాల్చేద్దామని, గదుల్లో పురుగుల మందు కొట్టిద్దామని ప్రతిపాదనలు వచ్చాయి. రెండూ వద్దన్నాను. మనిషి ఒంటి మీద లేకపోతే ఈ పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్‌బీ వాలంటీర్ల మీద ప్రయోగాలు చేశాడు. గజ్జి రోగులు వాడిన పక్కబట్టల్లో వాళ్లను పడుకోబెట్టాడు, రోగుల లోదుస్తులు వేయించాడు. అంటుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. జబ్బు ప్రధానంగా మనిషి నుంచే మనిషికి వస్తుందని అప్పుడే తేలింది. కాబట్టి గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, టవళ్లు చూసుకుంటే చాలు. 50 డిగ్రీల వేడి నీళ్లలో కనీసం పది నిమిషాలు ఉంచి ఉతకాలి. అంత వేడి నీళ్లు ఇక్కడ అందరికీ కుదరవు. మిగతావి పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో వేసి, మూతి బిగించి, పేరు రాసి, వారం పక్కన పెట్టేశారు. పైసా ఖర్చు లేదు.

మరో సంగతి ముందే చెప్పి ఉంచాం: పురుగు చచ్చినా దురద 2 నుంచి 4 వారాలు ఉండొచ్చు. చచ్చిన పురుగు, దాని మలం ఇంకా చర్మంలోనే ఉంటాయి. ఇది చెప్పకపోతే మందు పని చేయలేదనుకుని రోజూ క్రీము పూసుకుంటారు, దానివల్ల చర్మం మండి కొత్త దురద మొదలవుతుంది. కొత్త సొరంగాలు, కొత్త పొక్కులు వస్తేనే మళ్లీ చూపించమన్నాం.

సబ్బు ఎక్కడ ఉంది

చీము పుండ్ల విషయంలో మాత్రం చేతుల శుభ్రత నిజంగా మందే. కరాచీ బస్తీల్లో చేసిన ఒక పరిశోధనలో, 2005లో ప్రచురించారు, ఇళ్లకు సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోవడం పదేపదే నేర్పిన చోట 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఇంపెటైగో 34 శాతం తక్కువ వచ్చింది. అక్కడే ఇంకో సంగతి తేలింది. మామూలు సబ్బుకు, యాంటీబాక్టీరియల్ సబ్బుకు ఫలితంలో తేడా లేదు. ఖరీదైన సబ్బు కొనాలా అన్న టెన్షన్ బడివాళ్లకు ఆ ఒక్క వాక్యంతో పోయింది.

ఈ హాస్టల్‌లో ప్రతి పిల్లాడి దగ్గరా సబ్బు ఉంది, ట్రంకుపెట్టెలో, తాళం వేసి. కుళాయి దగ్గర లేదు. తినే ముందు పెట్టె తాళం తీసి సబ్బు తెచ్చుకునే పిల్లాడు ఎవరుంటారు? చేతులు కడుక్కోవడం మీద ఎన్ని పాఠాలు చెప్పినా ఆ తాళం అడ్డుగా ఉంటుంది. కుళాయిల దగ్గర ద్రవ సబ్బు సీసాలు తీగతో కట్టించాం, రోజూ నింపే బాధ్యత ఒక ఉద్యోగికి రాసిచ్చాం. నేర్పడంతో పాటు చేయడానికి వీలు కల్పించకపోతే, తర్వాత పిల్లలను తప్పు పట్టడం అన్యాయం.

పుండున్నవాళ్లకు చెప్పినవి కొన్నే. పుండును శుభ్రంగా కడిగి, మందు రాసి, గాజుగుడ్డతో కప్పి ఉంచాలి. పక్కు గిల్లకూడదు. టవలు ఎవరికీ ఇవ్వకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టి 48 గంటలు అయ్యేదాకా, లేదా పుండ్లు ఎండి పక్కు కట్టేదాకా కుస్తీకి, ఆటలకు దూరంగా ఉండాలి. వార్డెన్లకు, నర్సుకు విడిగా ఒక హెచ్చరిక చెప్పాం. స్ట్రెప్టోకాకస్ పుండ్లు వచ్చిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో మూత్రపిండాలు వాచే ప్రమాదం ఉంది. ముఖం, కాళ్లు ఉబ్బినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గజ్జిని చిన్న దురద అని వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

చేతులు మారిన ట్యూబు

పెద్ద పిల్లల బ్లాకులో తిరుగుతున్న ట్యూబు స్టెరాయిడ్ (ఎరుపు, దురదలను అణచే మందు), యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీము. పూసిన రెండు రోజులకే ఎరుపు, దురద తగ్గుతాయి, అందుకే దానికి అంత పేరు. స్టెరాయిడ్ వల్ల చర్మం ఫంగస్‌తో పోరాడటం మానేస్తుంది, తామర లోపల్లోపల పాకుతుంది, ఆకారం మారి డాక్టర్లనే తికమక పెడుతుంది. తొడల మీద శాశ్వతంగా చారలు పడతాయి. ఒక అబ్బాయి తొడల మీద ఆ చారలు అప్పటికే ఉన్నాయి. అతనే తనంతట తాను గుంపులో లేచి చూపించడానికి సిద్ధపడ్డాడు. అక్కర్లేదు, మాటల్లో చెప్తే చాలన్నాం. ఆ బ్లాకులో నా పది మాటల కంటే అతని ఒక్క మాట ఎక్కువ పని చేసింది.

తామర పాఠం మొత్తం పొడిగా ఉండటం మీదే నడిచింది. స్నానం అయ్యాక గజ్జలు, కాలివేళ్ల సందులు ఒత్తి తుడుచుకుని, ఆరాకే బట్టలు వేసుకోవడం. బిగుతు లోదుస్తులు మానేసి వదులుగా ఉన్న నూలువి వేసుకోవడం. ఆటలాడిన చెమట బట్టలతోనే పడుకోకపోవడం. చీకటి వరండాలోని దండేలను ఎండ పడే చోటికి మార్పించాం. సిగ్గుతో లోదుస్తులను ఇతర బట్టల కింద దాచి ఆరేస్తారు, అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. అమ్మాయిల బ్లాకులో ఎండ తగిలేలా, బయటికి కనబడకుండా ఒక తడిక కట్టాక ఈ సమస్య తీరింది. మందు విషయంలో, మచ్చ పోయినట్టు కనిపించాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలని చెప్పాం. తలలో గుండ్రంగా జుట్టు రాలిన ఒక చిన్నపిల్లాడికి తల మీద తామర. దానికి పైపూత చాలదు, కడుపులోకి మందు కావాలి. దువ్వెన, టోపీ పంచుకోవడం ఎందుకు వద్దో చెప్పడానికి ఆ సందర్భం వాడుకున్నాం, పిల్లాడి పేరెత్తకుండా.

తర్వాత జరిగింది

రెండో మోతాదు తర్వాత జరిగిన పరీక్షల్లో కొత్త సొరంగాలు దాదాపు కనబడలేదు. చీము పుండ్లు అన్నిటికంటే త్వరగా తగ్గాయి, ఎందుకంటే గోకుడు ఆగింది. తామర మాత్రం నెలల పని. స్టెరాయిడ్ క్రీము మానినవాళ్లలో మొదట ఎరుపు పెరిగింది, కొందరు బెదిరిపోయి మళ్లీ అదే ట్యూబు వెతుక్కున్నారు. ఇక్కడ మందూ, పాఠమూ ఒకేసారి నడిచాయి కాబట్టి దేనివల్ల ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు.

బడివాళ్లు ఉత్సాహంగా గదికొక ఆరోగ్య మానిటర్‌ను పెట్టారు. కొన్ని గదుల్లో మానిటర్లు తోటివాళ్ల చేతులు లాగి చూడటం, పేర్లు రాయడం మొదలుపెట్టారు. చీటీల్లో పిల్లలు భయపడింది దీనికే. వెంటనే ఆపించి, దాని బదులు నర్సు గది తలుపు రోజూ సాయంత్రం ఒక అరగంట తెరిచి ఉంచే ఏర్పాటు చేయించాం. కారణం చెప్పకుండానే ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. దురద ఉన్నవాళ్లను ఇంటికి పంపే నియమాన్ని కూడా ప్రిన్సిపాల్ గారు రాతపూర్వకంగా రద్దు చేశారు. మొదటి చికిత్స పూర్తయిన మరుసటి రోజు నుంచి పిల్లలు క్లాసులో కూర్చోవచ్చు, ఆటకు వెళ్లొచ్చు. వరండాలోని మంచాలు లోపలికి వచ్చాయి. ఆ తర్వాత నర్సు గదికి వచ్చేవాళ్లు పెరిగారు. ఈ సంఖ్య పెరగడం చూసి బడివాళ్లు కంగారుపడితే, ఇది మంచి గుర్తు అని చెప్పాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నవాళ్లు ఇప్పుడు చెప్తున్నారు.

సెలవుల తర్వాత ఒక గదిలో మళ్లీ గజ్జి కనిపించింది. ఇంటి దగ్గర చెల్లికి, తమ్ముడికి ఉంది, పిల్లాడు వాళ్లతో కలిసి పడుకున్నాడు. ఒకసారి వచ్చి తగ్గిన పిల్లాడు కాబట్టి దురద రోజుల్లోనే మొదలైంది, ఈసారి మొదటి రోజే వచ్చి చెప్పాడు. ఆ గదికి మాత్రమే చికిత్స చేస్తే సరిపోయింది. ఇంటివాళ్లకూ మందు పంపించాం. ఇప్పుడు సెలవులకు ముందే తల్లిదండ్రులకు ఒక ఉత్తరం వెళ్తుంది. ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట దురద ఉంటే ఇంటిల్లిపాదీ ఒకే రోజు చికిత్స చేయించుకోమని, పిల్లాడు రాగానే నర్సుకు చెప్పమని. అందులో స్నానం మాట ఎక్కడా ఉండదు. కొత్తగా చేరే పిల్లలను, సెలవుల నుంచి తిరిగొచ్చేవాళ్లను మొదటి వారంలోనే తెర వెనక ఒక్కొక్కరిగా చూడటం నర్సు పనుల జాబితాలో చేరింది. దురద 4 నుంచి 6 వారాలు ఆలస్యంగా రావచ్చు కాబట్టి ఆరో వారం చివర ఇంకోసారి చూస్తారు.